అర్తిని అతికించిన పన్ను

ఆ శుక్రవారం ఉదయం విరాత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరేసిన బట్టలు తెచ్చి సంచిలో కుక్కుకోవడం, ఇంత జావ తాగడం, మధ్యాహ్నం బస్సుకు తను చదువుకుంటున్న జోగ్జా నగరం నుంచి బాలి దీవిలోని తన ఊరికి బయల్దేరడం. ఆదివారం ఇంట్లో పళ్లు అరగదీసే వేడుక ఉంది. పై వరస ముందు పళ్లు ఆరూ అరగదీస్తేనే మనిషిలోని అరిషడ్వర్గాలు అణుగుతాయి. అవి అణిగాకే పెళ్లి. విరాతకు పెళ్లి తొందరేమీ లేదు. తొందరంతా అక్క సుతరిది. ఆమె పెళ్లి ఒకసారి తాత పోయి ఆగింది, ఇంకోసారి ముహూర్తం చెడి ఆగింది. ఈసారి అక్కాతమ్ముళ్లకు ఒకే పందిట్లో పళ్లు అరగదీయించి, బుధవారమే సుతరి పెళ్లి చేసెయ్యాలని అమ్మ నిశ్చయించింది.

"ఈసారి నీ వల్ల ఆగిందో, చూడు మరి" అని సుతరి ఫోన్లో ముందే హెచ్చరించింది.

చేతుల నిండా బట్టలుండటంతో విరాత గది తాళంచెవిని పళ్లతో పట్టుకుని వరండాలో వస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కగది దమార్ తలుపు తోసుకుని బయటికొచ్చాడు. తలుపు తాళంచెవికి తగిలింది, తాళంచెవి పంటికి తగిలింది. ముందు పన్ను మూల నూకంత ముక్క ఎగిరిపోయింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు దమార్.

"లేదు."

"మరెందుకురా అలా కూలబడ్డావు?"

"మా అమ్మరా."

విరాత భయం ఉత్త భయం కాదు. పళ్ల వేడుకకు ముందు పన్ను విరిగిందని తెలిస్తే అమ్మ తిన్నగా సోదె చెప్పేవాడి దగ్గరికి పోతుంది. ఏమీ ఫర్వాలేదని చెప్పిన సోదెగాడు లోకంలో లేడు. ఏ ముత్తాతకో కోపం వచ్చిందంటాడు, వేడుక వాయిదా వెయ్యమంటాడు, దాంతోపాటు సుతరి పెళ్లీ పోతుంది. అమ్మ కంట పడకముందే పన్ను బాగుపడాలి. అంతకు మించి విరాతకు ఆ పూట ఇంకే ధ్యాసా లేదు. నాలుక ఊరుకోదు, కాలు నిలవదు.

దమార్ పశ్చాత్తాపంతో ఆ పంటి ఫొటో తీసి కాలేజీ గ్రూపులో పెట్టాడు. అది చాలు. దంతవైద్యం చివరి ఏడాది వాళ్లకు పట్టా రావాలంటే ఫలానా ఫలానా రకం పళ్లు బాగుచేసి చూపించాలి, రోగుల్ని ఎవరికి వాళ్లే పట్టుకోవాలి. పుచ్చుపళ్లు వీధికొకటి దొరుకుతాయి గానీ, ముందు పన్ను మూల చక్కగా విరిగినవాడు దొరకడం కష్టం. దమార్ ఫోను ఆగకుండా మోగింది. అందరికంటే ముందు ఒక అమ్మాయి అదనపు హెల్మెట్టుతో, వేడి జావ పొట్లంతో స్కూటర్ మీద వచ్చి వాలింది.

"పన్ను నువ్వేనా?" అంది గేటు దగ్గరే.

ఆమె పేరు అర్తిని. ఆమెదీ బాలియే, తబనాన్ వైపు. పరాయి ఊళ్లో సొంత మనిషి దొరికిందని విరాతకు ప్రాణం లేచొచ్చింది. ఎవరేమన్నా సరే అనడం అతనికి చిన్నప్పటి జబ్బు. ఆమె చెప్పినవాటన్నిటికీ సరే అన్నాడు. మధ్యాహ్నానికి వాళ్ల కాలేజీ ఆసుపత్రిలో పన్ను అతుక్కుంది. ఏది పాతదో ఏది కొత్తదో తెలియనంత బాగా కుదిరింది. వాళ్ల మేడమ్ వంగి చూసి తలాడించింది.

"వచ్చేవారం మేడమ్ ఇంకోసారి చూసి పాస్ చేస్తారు. అందాకా గట్టివి కొరకొద్దు, ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు" అంది అర్తిని.

"సరే."

అంతలో అమ్మ ఫోను. ఆమె గొంతుకు ఫోను అవసరమే లేదు. "బయల్దేరావా నాయనా? అరగదీసే పెద్దాయన ఆదివారం పొద్దున్నే వచ్చేస్తాడట."

అర్తిని చేతిలో ఉన్న అద్దం కింద పెట్టింది. "నీకింకా అరగదీయలేదా? మరి సరే అన్నావేం?"

"మీరు అంత ఆశగా చెబుతుంటే..."

"అయితే నేనూ వస్తున్నా. ఆ పన్ను మా మేడమ్ చూసేదాకా నాది. పెద్దాయన కాళ్లు పట్టుకునైనా దాన్ని పైపైన ముట్టి వదిలెయ్యమంటా."

"రండి గానీ, విరిగిందని మా అమ్మకి మాత్రం చెప్పకండి."

"చెప్పను. ఒట్టు."

బస్సులో దారి పొడవునా విరాత నాలుక పంటి మీదికి పోతూనే ఉంది, "నాలుక తియ్" అని అర్తిని కసురుతూనే ఉంది. శనివారం పొద్దున ఇద్దరూ సంచులతో, నలిగిన బట్టలతో ఇంటి గుమ్మంలో దిగారు.

ఆ ఊళ్లలో పెద్దలెవరూ వెంట లేకుండా ఒక అమ్మాయి సంచి పట్టుకుని అబ్బాయి ఇంటికి వచ్చిందంటే అర్థం ఒక్కటే. పుట్టింటికి చెప్పకుండా పెళ్లికి వచ్చేసింది. ఆ సంగతి అర్తినికి తెలియక కాదు. ఆమె చూపంతా పంటి మీదే ఉంది.

"మీవాళ్లకి తెలుసా అమ్మా, ఇక్కడికొచ్చినట్టు?" అంది విరాత తల్లి.

"లేదు పిన్నిగారూ. చెప్పే తీరిక దొరకలేదు."

"ఇంతకీ ఎందుకొచ్చావు?"

అర్తిని విరాత వైపు చూసింది. "అది చెప్పనని మాటిచ్చానండీ. రేపటిదాకా మాత్రం ఈయన పక్కనుంచి కదలను."

విరాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. కొడుకు సిగ్గుపడటం ఆ తల్లి మొదటిసారి చూసింది. ఆమె కళ్లు చెమర్చాయి. పిల్లల్ని కంగారు పెట్టడం ఎందుకని వాళ్లతో ఏమీ అనకుండా, ఆచారం ప్రకారం తన అన్నదమ్ముల్ని తబనాన్ పంపింది. మీ అమ్మాయి మా ఇంట క్షేమంగా ఉందని ఆ తండ్రికి చెప్పి రమ్మంది.

ఆదివారం ముందు సుతరి పళ్లు అరిగాయి. తరవాత విరాతను మంచం మీద పడుకోబెట్టి, నోరు మూతపడకుండా పళ్ల మధ్య చెరకు ముక్క పెట్టారు. అర్తిని తలాపున మోకాళ్ల మీద కూర్చుని, తెచ్చుకున్న చిన్న అద్దం బయటికి తీసింది.

"తాతా, ఆ పన్ను కొంచెం చూసుకోండి. అతికించింది" అని గుసగుసలాడింది.

పెద్దాయనకు చెవుడు. "విరిగిన పన్నా?" అని పందిరంతా వినిపించేలా అడిగాడు. "దానికేముంది? ఎలాగూ అరగదీసేదేగా. ఏటా ఇద్దరు ముగ్గురు విరగ్గొట్టుకునే వస్తారు." ఆకురాయితో ఆ పన్నును అలా తాకి వదిలేశాడు.

"విరిగిందా?" అంది అమ్మ. "నాతో చెప్తే ఏమయ్యేదిరా? పోయినేడు మీ బాబాయికీ విరిగింది, ఓ పూలబుట్ట పెట్టి కానిచ్చేశాం."

విరాత మతి పోయింది. జవాబు చెబుదామంటే నోట్లో చెరకు. అప్పుడే వీధిలో లారీ ఆగింది. అర్తిని తండ్రి, ఆయన వెనక తబనాన్ బంధువర్గమంతా దిగారు.

"మా అమ్మాయిని తీసుకొచ్చింది నువ్వేనా?" అన్నాడాయన మంచం మీదికి వంగి.

"ఆ" అన్నాడు విరాత. చెరకు ముక్కతో ఇంకో అక్షరం రాదు.

"నాన్నా, నేను వచ్చింది పన్ను కోసం" అంది అర్తిని.

"పన్ను కోసమా?" అన్నాడు తండ్రి. ఇంతకంటే నమ్మదగ్గ అబద్ధం కూతురికి దొరకలేదని ఆయనకు నిజంగానే బాధేసింది.

రెండు వైపుల పెద్దలూ సాయంత్రం దాకా కూర్చున్నారు. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. కబురు ఊళ్లు దాటింది కాబట్టి, అది పెళ్లో కాదో తేలి, శాంతి జరిగేదాకా ఈ ఇంట్లో ఇంకో పెళ్లి కుదరదు. సుతరి పెళ్లి పై నెలకు పోయింది.

విరాత తలెత్తలేక అక్క ముందు నిలబడ్డాడు. ఆమె పెళ్లి ఆగకూడదనే ఇంత చేశాడు, ఆపింది తనే. పొద్దున్నే క్రోధాన్ని అరగదీయించుకుని ఉన్న సుతరి చాలా నెమ్మదిగా అంది.

"ఒరేయ్, ఈసారి పన్ను విరిగితే ముందు నాతో చెప్పు. మిగతావి నేను విరగ్గొడతాను."