కొసరు మూడు కాయలే

ఆ శుక్రవారం పొద్దున టమాటాలమ్మే కొనాడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆమె దగ్గర మిగిలిన నాలుగు పెట్టెల టమాటాలు మెత్తబడ్డాయి. సాయంత్రంలోగా అమ్ముడుపోకపోతే మేకల పాలవుతాయి. ధర తగ్గిద్దామంటే టెచిమాన్ సంతలో టమాటాలమ్మే వాళ్లందరికీ పెద్ద, 'టమాటాల రాణి' నానా పొకువా ఊరుకోదు. బేసిన్ ఇరవై సెడీలని ఆవిడ కట్టిన ధరకు ఎవరైనా ఒక్క సెడీ తగ్గిస్తే బల్ల లాగేసుకుంటుంది. అయితే కొసరు ఎంత వెయ్యాలో మాత్రం రాణి ఎన్నడూ చెప్పలేదు.

పూటకూళ్ల ఎసి బోణీకి వచ్చింది. కొనాడు బేసిన్ గుమ్మరించి, పైన రెండు దోసిళ్ల కొసరు వేసింది.

"ఏంటే, ఒంట్లో బాగానే ఉందా?"

"బోణీ కదక్కా. పట్టుకెళ్లు. ఎవరికీ చెప్పకు."

ఎసి ఎవరికీ చెప్పలేదు. ఎదురుబల్ల సెర్వాను మాత్రం, "నువ్వెంత వేస్తావే?" అని అడిగింది.

సెర్వా నాలుగు దోసిళ్లు వేసింది. ఆ పక్కామె వాటి మీద ఉల్లిపాయలు పెట్టింది. మధ్యాహ్నానికి కొసరు బేసిన్‌ను మించిపోయింది. ఒక ముసలాయన సంచి తెరిచి, "బేసిన్ నువ్వే ఉంచుకో తల్లీ, మొయ్యలేను. కొసరు చాలు," అన్నాడు. సంతలో టమాటాలు ఊరికే పంచుతున్నారని ఊరంతా పాకింది. బస్టాండు నుంచి గుంపుగా వచ్చిన వాళ్లు, "ఏ పార్టీ అమ్మా? ఓటెవరికో చెప్తే తీసుకుని పోతాం," అన్నారు.

రాణి గొడుగు కింద నడిచి వచ్చింది.

"ఎవత్తే మొదలెట్టింది?"

అందరూ కొనాడు వైపు చూశారు. ఆమె పెట్టెలు అప్పటికే ఖాళీ.

"నేను ధర తగ్గించలేదు రాణమ్మా. ఎవర్నైనా అడగండి."

"ధర తగ్గించలేదులే. నా పరువు తగ్గించావు. ఇక నుంచి కొసరు మూడు కాయలే. నాలుగోది పడిందో, బల్ల పోయినట్టే. నాకైనా అదే లెక్క. నీ బల్ల సంగతి సాయంత్రం తేలుస్తా."

ఆ మాట అన్న గంటకు రాణిగారి సొంత టమాటాల లారీ పక్క దేశం బుర్కినా నుంచి వచ్చింది. సరిహద్దులో ఎండకు రెండు రోజులు నిలబడిపోవడంతో కింద నుంచి ఎర్రగా కారుతోంది. ఊళ్లో టమాటా లేని ఇల్లు లేదు. ఎసి అటుగా వెళుతూ ఆగింది.

"కొసరెంత రాణమ్మా?"

"మూడు."

"ఇంట్లో చోటు లేదులెండి."

పొద్దు వాలుతుండగా రాణి కొనాడుకు కబురు పెట్టింది. తన బల్ల పోయిందనుకుంటూ కొనాడు వెళ్లి నిలబడింది. రాణి ఆమె వైపు చూడలేదు, లారీ వైపే చూస్తోంది.

"ధర తగ్గకూడదు. కొసరు పెరగకూడదు. నువ్వయితే ఏం చేస్తావే?"

కొనాడు లారీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"కొనేముందు రుచి చూడమంటాను రాణమ్మా. రుచికి మీరు లెక్క పెట్టలేదు."

రాణి గొడుగు ముడిచి చంకలో పెట్టుకుంది.

"మరి నా బల్ల?" అంది కొనాడు.

"ఏ బల్లే? పోయి బేసిన్లు పట్రా."

ఆ సాయంత్రం టెచిమాన్‌లో టమాటా ధర ఇరవై సెడీలే, కొసరు మూడు కాయలే. రుచి చూడటానికి మాత్రం మనిషికి రెండు బేసిన్లు ఇచ్చారు.