మాయాపెట్టె, అరవై బస్తాలు

పొద్దున్నే తాళం తీద్దామని వచ్చిన జయరావుకు, క్యారమ్ బోర్డుల కార్ఖానా గుమ్మానికి అడ్డంగా అరవై బస్తాల ఎండుమిరపకాయలు కనిపించాయి. నమ్మలేక ఒక బస్తాలో చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా నమ్మలేక అదే చేత్తో కళ్ళు నులుముకున్నాడు. ఆ తర్వాత నమ్మాడు.

బస్తాలకు గుచ్చిన చీటీ మీద కార్ఖానా పేరు అక్షరం తప్పు లేకుండా ఉంది. కొన్నవాడి పేరు మాత్రం లేదు.

సరిగ్గా ఆ రోజే పది గంటలకు విజయవాడ నుంచి ఆటవస్తువుల టోకు వ్యాపారి అబ్దుల్ ఖాదర్ వస్తున్నాడు. మేనేజరు జయరావు ఆరు నెలలు కష్టపడి చేయించిన మాయాపెట్టెలు నచ్చితే ఆర్డరు ఇస్తాడు. ఊళ్ళోకి టీవీలు, వీడియోలు దిగాక క్యారమ్ బోర్డులు అడిగేవాళ్ళు తగ్గారు. పైగా ఒకసారి బోర్డు కొన్న ఇల్లు పదేళ్ళ దాకా మళ్ళీ కొట్టు మొహం చూడదు. వేరే సరదాల్లోకి దిగుదామని యజమాని చెంచురామయ్యను ఒప్పించింది జయరావే. మొదట స్టాంపుల ఆల్బములు వేయిస్తే వాటిని చెదపురుగులు సేకరించాయి. తర్వాత రంగుచేపలు తెప్పిస్తే గుంటూరు ఎండకు తొట్టిలోనే పులుసయ్యాయి. మూడోది ఈ పెట్టె. ఎర్రగుడ్డ, చెక్క కప్పులు, బిళ్ళలు, ఇంట్లో చేసుకునే పది గారడీలు, ఒక్కోటి ఎలా చెయ్యాలో చెప్పే కాగితాలు.

"ఇది కూడా మునిగిందంటే నువ్వు మళ్ళీ బోర్డులకి పాలిష్ కొట్టుకోవాల్సిందే" అని చెంచురామయ్య ముందే చెప్పాడు. పరిశీలిస్తానంటూ నమూనా పెట్టె తన గదిలో పెట్టుకున్నాడు.

జయరావు మొహం కడుక్కుని వచ్చేసరికి పనివాళ్ళు వచ్చేశారు. లేబుళ్ళు అంటించే ఎలీసమ్మ ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి, ఒక బస్తా విప్పించి, తొడిమలు తీయిస్తోంది.

"ఎవరు తియ్యమన్నారమ్మా?"

"చేపలప్పుడు నీళ్ళు మార్చమని చెప్పేదాకా ఉన్నాం, అన్నీ చచ్చినయ్. ఈసారి చెప్పేదాకా ఉండలేదండి" అంది ఎలీసమ్మ.

చేపల తర్వాత గారడీ వచ్చినప్పుడు, గారడీ తర్వాత మిరపకాయలు రాకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. విప్పిన బస్తాను మిర్చి యార్డువాళ్ళు చచ్చినా వెనక్కి తీసుకోరు.

తొమ్మిదింటికి చెంచురామయ్య వచ్చాడు. బస్తాలు చూశాడు. రెండుసార్లు తుమ్మాడు. ఒక్క మాట అడగకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మేకు వంకరగా దిగితేనే వీధి చివరిదాకా వినపడేట్టు అరిచే మనిషి ఇలా చేయడం జయరావుకు బస్తాల కన్నా వింతగా తోచింది.

పది కాకుండానే అబ్దుల్ ఖాదర్ తుమ్ముతూ దిగాడు. బస్తాలనూ తొడిమల గుట్టనూ చూసి, ఈ కంపెనీ ఆటలు మానేసి మిర్చిలోకి దిగిందని తేల్చుకున్నాడు. బస్సుకు టైమైందని వెనక్కి తిరిగాడు. అదే సమయానికి గేట్లోంచి మిర్చి కమీషను వ్యాపారి బుల్లయ్య లోపలికి వచ్చాడు. చేతిలో ఎర్రగుడ్డ.

"నిన్న బేరమయ్యాక గుడ్డ మర్చిపోయారు" అన్నాడు.

అది మాయాపెట్టెలోని గుడ్డ. అందరి చూపులూ జయరావు మీద పడ్డాయి. చప్పుడు విని బయటికి వచ్చిన చెంచురామయ్య గుడ్డ చూడగానే, ఈ గొడవంతా ఆ పెట్టెల వల్లే వచ్చింది, ఇవాళ్టితో వాటిని మూసేద్దామన్నాడు.

ఆరు నెలల కష్టం కళ్ళముందే పోతుంటే జయరావు తెగించాడు. కొన్నదెవరో అందరి ముందూ చెప్పమని బుల్లయ్యను అడిగాడు.

బుల్లయ్య తల అడ్డంగా ఊపాడు. యార్డులో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి, ముడిచి బేరం తెంచుకుంటారు. "గుడ్డ కింది మనిషి పేరు నలుగురిలో చెప్పడం మా దగ్గర మర్యాద కాదండి."

"పేరు వద్దు లెండి. చెయ్యి పోల్చగలరా?"

"ఒకసారి పట్టిన వేళ్ళు మొహం కన్నా బాగా గుర్తుంటాయి."

జయరావే ముందుగా గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. బుల్లయ్య కళ్ళు మూసుకుని వేళ్ళు తడిమాడు. "ఇది కలం పట్టే చెయ్యి. కాదు." వడ్రంగి ఖాజావలి పెట్టాడు. "ఉలి. కాదు." తొడిమలు తీసిన ఎలీసమ్మ చెయ్యి పెట్టగానే బుల్లయ్యే మంటకు చెయ్యి లాక్కున్నాడు. జనం వరస కట్టారు. ఒక్కొక్క చెయ్యి లోపలికి పోతుంటే ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గేటు దగ్గర ఆగిపోయిన అబ్దుల్ ఖాదర్ తుమ్మడం కూడా మర్చిపోయి దగ్గరికొచ్చాడు. చివరికి తనూ వరసలో నిలబడి చెయ్యి పెట్టాడు.

"కాదు" అన్నాడు బుల్లయ్య.

"ఈ ఆట మీ పెట్టెలో ఉందా?" అని ఖాదర్ జయరావును అడిగాడు. "లేకపోతే పెట్టండి. ఐదు వందల పెట్టెలు రాసుకోండి."

జయరావుకు సంతోషించే ధైర్యం లేదు. పెట్టెలు ఉండాలో వద్దో తేల్చాల్సింది చెంచురామయ్య. ఆయనేమో రెండు చేతులూ లాల్చీ జేబుల్లో దూర్చుకుని గోడ వైపు చూస్తున్నాడు.

ఎలీసమ్మ వరసంతా ఒకసారి చూసింది. "అందరం అయ్యామండి. అయ్యగారే మిగిలారు."

బుల్లయ్య మర్యాదగా గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. చెంచురామయ్య జేబులోంచి ఒక చెయ్యి తీసి నుదురు తుడుచుకున్నాడు.

"ఇంక గుడ్డెందుకులే బుల్లయ్యా, నేనే" అన్నాడు. "మూడు రోజుల్నించీ గదిలో తలుపేసుకుని బిళ్ళ మాయం చెయ్యడం నేర్చుకుంటున్నా. నిన్న యార్డు దగ్గర టీ తాగుతుంటే ఇతనికి చూపిద్దామని బుద్ధి పుట్టింది. బిళ్ళ ఉన్న చేతి మీద గుడ్డ కప్పా. ఇతను గుడ్డ కింద చెయ్యి పట్టుకుంటే బిళ్ళ వెతుకుతున్నాడనుకున్నా. దొరక్కూడదని వేళ్ళు ముడిచా, తెరిచా, మళ్ళీ ముడిచా. మంచి బేరమన్నాడు. అంతమందిలో గారడీ చెయ్యబోయానని చెప్పుకోవడం కన్నా మిరపకాయలు కొనడమే పరువనిపించింది. జయరావూ, నీ పెట్టెలకి ఢోకా లేదు. ఆ రెండో గారడీ కాగితం ఒక్కటి సరిగ్గా రాయించు. బిళ్ళ మాయం కాలేదు, అరవై బస్తాలు ప్రత్యక్షమైనయ్."