చెప్పుల మీద పడని వేలు

ఆ మంగళవారం ఉదయం మినెగిషి వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకు ప్రధాన స్టేషన్ మేడమీద ఏకాగ్రత పరీక్ష రాయాలి, మళ్ళీ రైలెక్కి నడపాలి. పోయిన నెల ఆయన రైలును ఆపాల్సిన గీత దాటించి ఒక పెట్టె పొడవు ముందుకు తీసుకెళ్ళి ఆపాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా రైలు నడుపుతున్న డ్రైవరుకు ఇవాళ పరీక్ష పోతే ఇక మిగిలేది టిక్కెట్ల కిటికీయే.

"రైల్లో ప్రతి సిగ్నల్‌కూ చేసినట్టే ఇంట్లోనూ ప్రతిదానికీ వేలు చూపించి పైకి చెప్పండి. నోరు మూసుకుంటే మీ బుర్ర కూడా మూసుకుంటుంది," అంది భార్య చిజురు.

ఆయన బుద్ధిగా చెప్పాడు. "గ్యాసు, ఆఫ్. కిటికీ, మూశాను. పెన్సిళ్ళు, మూడు." చివరికి బాత్రూంలోంచి వస్తూ "లైటు, ఆఫ్" అని, ఆ ఊపులోనే గుమ్మం దాటేశాడు. వేలు అన్నిటి మీదా పడింది, కాళ్ళ మీద తప్ప. చిజురు పాలిష్ చేసిన బూట్లు గుమ్మంలోనే ఉండిపోయాయి. ఆయన మాత్రం బాతుబొమ్మ ఉన్న గులాబీరంగు బాత్రూం చెప్పులతో రైలెక్కాడు.

జనం చూస్తుంటే తన ఏకాగ్రతకు ముచ్చటపడుతున్నారనుకుని గొంతు పెంచాడు. "తలుపు, మూసుకుంది. సిగ్నల్, పచ్చ."

పక్కన కూర్చున్న ముసలావిడకు గుండె కరిగిపోయింది. ప్రధాన స్టేషన్‌లో దిగగానే ఆయన చెయ్యి పట్టుకుని, కొత్తగా చేరిన ఉద్యోగి కుజెకు అప్పగించింది. "మతి తప్పి ఇంట్లో చెప్పకుండా వచ్చేసినట్టున్నాడు నాయనా, పాపం."

కుజె ఆయన్ని ఆఫీసులో కూర్చోబెట్టాడు. "పెద్దాయనా, ఇవాళ ఏ వారం?"

పరీక్ష మొదలైందనుకున్నాడు మినెగిషి. క్యాలెండర్‌కు వేలు చూపించి, "వారం, మంగళవారం," అన్నాడు.

"ఎక్కడికి బయల్దేరారు?"

"రైలు నడపడానికి."

కుజె హడలిపోయి మేడమీదున్న కంపెనీ డాక్టరుకు ఫోన్ చేశాడు. పరీక్ష పెట్టే అకుత్సు డాక్టరమ్మే దిగి వచ్చింది. జాబితాలో ఆయన పేరు చూసింది, తర్వాత కాళ్ళు చూసింది.

"మినెగిషిగారూ, మెదడుకు ఉన్నది ఒక్కటే లాంతరు. వెలుగు పడినచోటే కనిపిస్తుంది. కాస్త కిందికి చూడండి."

చూశాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తన ఉద్యోగం బాతుబొమ్మ పాలైందని కళ్ళు చెమ్మగిల్లాయి. అయినా వేలు చాచాడు. "చెప్పులు, బాత్రూంవి. తప్పు, నాది."

"పోనివ్వండి, ఇంకా ఇరవై నిమిషాలుంది. స్థిమితపడండి," అంది డాక్టరు గోడ గడియారం వైపు చూస్తూ.

ఆయన వేలు అలవాటుగా గోడ మీదికి వెళ్ళింది, తర్వాత చేతిగడియారం మీదికి వచ్చింది. "గోడ గడియారం, ఆగింది. సమయం, పది దాటి రెండు నిమిషాలు."

గదిలో అందరూ తలెత్తారు. అరగంటగా ఆ గదిలో లాంతర్లన్నీ బాతుబొమ్మ మీదే ఉన్నాయి. మేడమీద మరో పదకొండుమంది డ్రైవర్లు డాక్టరు కోసం ఎదురుచూస్తున్నారు.

"పదండి పదండి," అంటూ ఆవిడే ముందు మెట్లెక్కింది. ఆ చెప్పులతోనే వెనక పరుగెత్తి, మినెగిషి పరీక్ష రాశాడు. నెగ్గాడు కూడా. సోమవారం నుంచి మళ్ళీ రైలు ఆయనదే. తిరుగుదారిలో కనబడ్డ స్తంభానికల్లా వేలు చూపించి నవ్వుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి బాత్రూం తలుపు ముందు, చెప్పులుండే చోట, తళతళలాడే ఆయన బూట్లు చిజురు వరసగా పెట్టి ఉంచింది.