సిపాయి మట్టయ్య రెప్పపాటు సమరము

వరుసలలో నిలిచి నిలిచి కాళ్ళు లాగిన ఓ సకలజనులారా, వినుడు! నవంబరు మాసపు ముప్పదియవ దినమున, సూర్యభగవానుడు మిర్యాలగూడ రైసుమిల్లుల పొగగొట్టముల మీదుగా పడమటికి ఒరుగుచుండగా, ఊకధూళిధూసరితమగు బస్టాండు బజారున, జిరాక్సుయంత్రఘోషనినాదితమగు ఒకానొక ఆన్‌లైన్ సెంటరు గడప తొక్కెను, హిమశిఖరరక్షాదక్షుడును, సప్తదశవర్షసేవాధురంధరుడును, వేములపల్లి వాస్తవ్యుడునగు మాజీ సిపాయి మట్టయ్య.

తాను బ్రతికియున్నానని సర్కారునకు ఏటేటా రుజువు చూపుట పింఛనుదారుని ధర్మము. ఆ దినమే ఆఖరు. రుజువు చేరనిచో పింఛను ఆగును. అది ఆగినచో ఇల్లు గడవదు, ఇల్లాలు సైదమ్మ మోకాళ్ళ నొప్పులకు మాజీ సైనికుల దవాఖానకు పోవ బస్సు కిరాయియు పుట్టదు. వేలిముద్రలందుమా, అవి నాటుమళ్ళలో ఏనాడో అరిగిపోయెను. కావున యుద్ధము ముఖాముఖిగానే తేలవలసి వచ్చెను: ఫోనెదుట నిలిచి ఒక్కమారు రెప్ప కొట్టవలెను. అంతే.

"తాతా, కదలకండి. ఇప్పుడు కళ్ళు మూయండి" అనెను సెంటరు నడుపు కోదాడ పిల్ల దేవిక.

మట్టయ్య సావధానుడై నిలిచి, కోటతలుపులు మూసినట్లు రెప్పలు మూసెను. మూసి, మూసియే యుండెను. ఏలయన, తెరువుమను ఆజ్ఞ రాలేదు!

"అయ్యో, తెరవండి తాతా!"

తెరచెను. అనిమిషులగు దేవతలే సిగ్గుపడునట్లు తెరచియే యుండెను. ఫోను ఎర్రబడి, ఇతడెవరో ఎరుగనన్నది.

ఒకటా రెండా, పదకొండు దండయాత్రలు! వెనుక నిలిచిన మేళ్లచెరువు లారీ డ్రైవరొకడు, "పెద్దాయనా, గిది బార్డర్ గాదే! జర మామూలుగ నిలబడు" అని నవ్వెను.

అంతట వీరుని హృదయకుహరమున ప్రళయమేఘగర్జనము పుట్టెను: "ఓరీ కరతలమాత్ర యంత్రాధమా! హిమవాతశరపరంపరలకు జంకని నేత్రములివి! ఫిరంగి పేలినను చలింపని రెప్పలివి! నీ గాజుకంటికి లొంగుననుకొంటివా?"

ఇదంతయు లోలోపలనే. నోటివెంట వెలువడినది "ఊఁ" అను ఒక్క అక్షరము.

"ఊఁ అంటె అయితదా?" అనెను బల్లపై కూలబడియున్న సైదమ్మ. "నువ్వు సచ్చినవని రాసుకుంటరయ్యా! గప్పుడు నాకొచ్చేది సగం గూడ గాదంట. నాకు నువ్వుంటెనే లాభం."

జనమెల్ల పకపక నవ్విరి.

"ఇంకొక్కసారే తాతా. చాలామంది ఉన్నారు, నేను షాపు కట్టేయాలి" అనెను దేవిక.

అప్పుడు మౌనవ్రతభీష్ముడు నోరు తెరచెను. "ఆర్డర్ లేక రెప్ప ఎట్ల కొడ్త?"

"ఆ పిల్ల మొత్తుకుంటనే ఉన్నది గద!" అనెను సైదమ్మ.

"మూయమన్నంక తెరువుమనేసరికి టైమ్ ఖతమైతున్నది."

"అయితె నువ్వే ఇచ్చుకో ఆర్డరు! గీడ నీ సాబులు ఎవరున్నరు?"

ఈ ఊహ వీరునకు ఏనాడును తట్టియుండలేదు. చదువు మూడవ తరగతితో ఆగుటచే అతనికి ప్రమోషను రాలేదు. సుబేదారు ఆజ్ఞ, హవల్దారు ఆజ్ఞ, చివరకు తనకన్న పదేండ్లు చిన్నవాడగు నాయక్ హోదావాని ఆజ్ఞయు శిరసావహించెనే గాని, పదిహేడేండ్ల కొలువులో ఒక్క మనిషికి, పోనీ ఒక్క కంచరగాడిదకైనను ఆజ్ఞ యిచ్చి ఎరుగడు. ఇంటి సంగతి చెప్పనే అక్కరలేదు.

మట్టయ్య గొంతు సవరించుకొనెను. చుట్టును చూచెను. ఎవరును వలదనలేదు. అంతట ఛాతీ విప్పార్చి, జిరాక్సు యంత్రము సైతము ఒక్క క్షణము ఆగినట్లు తోచ, "రెప్పలూ! ఏక్! దో!" అని గర్జించెను.

ఏక్ అనగా మూతపడెను. దో అనగా తెరచుకొనెను. ఫోను పచ్చబడెను.

"అయిపోయింది తాతా! బతికే ఉన్నారు!" అనెను దేవిక.

కావున తెలియుడు, జనులారా! ఆ సాయంకాలమున సిపాయి మట్టయ్య తన జన్మమునందు తొలి ఆజ్ఞ జారీచేసెను. రెండే రెండు రెప్పల మహాసైన్యము మారుమాటాడక లోబడెను. ఆ అసమానవీరుడు వచ్చే నవంబరుదాక బ్రతికియుండుటకు సర్కారువారి అనుమతిని రెప్పపాటులో గెలుచుకొనెను.