ప్రతి ఇంటికీ ఒక పనిచేయని గ్రాఫిక్స్ కార్డు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఈ గ్రాఫిక్స్ కార్డేదో పెళ్లయిన కొత్తలోనే తెచ్చి ఉండాల్సింది. ఇరవై రెండేళ్లు ఆలస్యం చేశాడు.

నన్నడిగితే, కాపురం చేసే ప్రతి ఆడదానికీ ఇంట్లో ఒక పనిచేయని గ్రాఫిక్స్ కార్డు ఉండి తీరాలి. పనిచేసేది వద్దు. దానివల్ల ఇల్లాలికి ఒరిగేదేమీ లేదు.

మా అమ్మాయి జుమానాది ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం. తను గీసిన భవనంలో మనిషి నడుస్తున్నట్టు ఒక వీడియో చేసి గురువారం మధ్యాహ్నానికల్లా కాలేజీకి పంపాలి. పంపకపోతే ఏడాది పోతుంది. దాని ల్యాప్‌టాప్‌కి ఏడేళ్లు. ఆ భవనాన్ని చూడగానే దానికి ఆయాసం వస్తోంది.

మా ఆయన రాగిద్ అభయమిచ్చాడు. "పెద్ద కంప్యూటర్లో బొమ్మల పని చూసే కార్డు తెచ్చి దీనికి బయటినుంచి తగిలిస్తా. రెండు గంటల పని."

ఆ రెండు గంటలు మొదలై పదకొండు రోజులైంది.

ల్యాప్‌టాప్ వెనక మూత ఊడింది. వైఫై ముక్క పీకేసి, ఆ సందులోంచి ఒక కేబుల్ బయటికి లాగాడు. కేబుల్ చివర ఇటుకంత కార్డు, దాని పక్కన కరెంటు కోసం ఫ్యాను తిరిగే పవర్ డబ్బా. అన్నీ కలిసి డైనింగ్ టేబుల్ మీద ఆపరేషన్ మధ్యలో డాక్టరు పారిపోయిన రోగిలా పడున్నాయి. గంటో గంటన్నరో బాగా నడుస్తుంది. ఉన్నట్టుండి కార్డు మాయం. తెర మీద పసుపు త్రికోణం, పక్కన 43 అని ఒక ఎర్రర్ నంబరు. వీడియో మళ్లీ మొదటికి.

మరి లాభాలు? ఎన్నని చెప్పను?

మా ఆయన వంటకి వంక పెట్టడం మానేశాడు. మంగళవారం ముజద్దరాలో, అదే మా పప్పన్నంలో, ఉప్పు వేయడం మర్చిపోయాను. మర్చిపోయానన్నది మీకు చెప్పే మాట. ఆయన రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాడు. టేబుల్ ఖాళీ లేదని మా ఆడపడుచు ఆదివారం భోజనానికి రావడం వాయిదా వేసుకుంది. వైఫై ముక్క లేని ల్యాప్‌టాప్ ముందు ఏం తోచక, మా అమ్మాయి మూడేళ్ల తర్వాత నాతో ఇరవై నిమిషాలు మాట్లాడింది. చదువుకున్న ఆడదాన్ని కనక చెబుతున్నాను, ఏ సాంకేతిక విప్లవమూ మా ఇంటికి ఇంత మేలు చేయలేదు!

పైగా మా ఆయనకి వినయం అబ్బింది. ఎవరు ఏం చెప్పినా వింటున్నాడు. ఇంటర్నెట్ ఫోరంలో ఒక పోలండ్ ఆయన డ్రైవర్ మార్చమంటే మార్చాడు. కొరియా నుంచి ఎవరో కార్డు పిన్నులు రబ్బరుతో రుద్దమంటే, పిల్లల రబ్బరు కొనుక్కొచ్చి రుద్దాడు. పేరుకి బదులు పిల్లి బొమ్మ పెట్టుకున్న ఒక మనిషి విండోస్ మొత్తం చెరిపి మళ్లీ వేయమంటే మూడుసార్లు వేశాడు. స్నేహితుడి దగ్గర్నుంచి ఇంకో పవర్ డబ్బా తెచ్చాడు. అదీ గంటన్నరకే చచ్చింది.

మొదటిరోజు నేనూ ఒక మాట అన్నాను. "ఆ ప్లగ్గు బ్యాటరీది కాదు."

"సమీహా, ఇది ఇస్త్రీపెట్టె కాదు. కంప్యూటర్" అన్నాడు, ఎంతో మర్యాదగా.

మా ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. సర్కారు కరెంటు పోతుంది. అర నిమిషానికి సందు చివర అబూ ఫాయిజ్ నడిపే వీధి జనరేటర్ అందుకుంటుంది. ఆ అర నిమిషం పూడ్చడానికి బాల్కనీలో బ్యాటరీలు పెట్టించాం. దీపాలు, ఇంటర్నెట్, ఇంకో నాలుగు ప్లగ్గులు వాటి మీద. ఏ నాలుగో ఎలక్ట్రీషియన్‌కి చెప్పింది నేను. మా ఆయన అప్పుడు అతనికి కాఫీ పోస్తూ రాజకీయాలు మాట్లాడుతున్నాడు. ఆ నాలుగింటికీ ఆకుపచ్చ నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను. పోయిన నెల తన చెల్లెలు వస్తోందని "గోడలేంటి ఇలా ఉన్నాయి" అంటూ ఆయనే మూడు చుక్కలు తుడిచేశాడు. నాలుగోది వంటింట్లో ఉంది. అక్కడిదాకా ఆయన రాలేదు.

బ్యాటరీలు వచ్చాక మా ఆయనకి కరెంటు పోవడమే తెలియదు. దీపం ఆరదు, సొంత బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ ఆరదు కదా! నాకు తెలుస్తుంది. ఫ్రిజ్ నోరు మూసుకుంటుంది. వాషింగ్ మెషిన్ మధ్యలో నిలబడిపోతుంది. కార్డు మాయమైన ప్రతిసారీ ఫ్రిజ్ కూడా అర నిమిషం మౌనం పాటించింది. పదకొండు రోజులు విన్నాను. రెండోరోజు ఇంకోసారి చెప్పాను. తర్వాత చెప్పలేదు. పోలండ్ ఆయనకి పోటీ ఎందుకని.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి వీడియో తొమ్మిదోసారి పోయింది. పూర్తవడానికి ఏడు గంటలు కావాలి. జుమానా ఏడవలేదు. ల్యాప్‌టాప్ మూత దగ్గరికి వేసి, "పోనీలే నాన్నా, వచ్చే ఏడాది ఇస్తా" అంది.

అప్పుడు నాకు ఆ కార్డు వల్ల కలిగిన లాభాలన్నీ ఒక్కసారిగా చేదెక్కాయి.

ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చాను. వంటింటి ఆకుపచ్చ చుక్కలో గుచ్చి, పవర్ డబ్బాని దానికి తగిలించాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు రాగిద్.

"ఇస్త్రీ" అన్నాను. "మొదలుపెట్టు జుమానా."

మూడింటికి ఫ్రిజ్ ఆగింది. నేను వేలెత్తి చూపించాను. ఆయన మొదటిసారి ఫ్రిజ్ వంక చూశాడు. తర్వాత కార్డు వంక. దాని ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. జనరేటర్ అందుకుంది. ఫ్రిజ్ గొంతు సవరించుకుంది. తెర మీద ఇరవై ఎనిమిది శాతం ఇరవై తొమ్మిదయింది.

ఆయన ఫోన్ తీసి ఫోరంలో రాయడం మొదలుపెట్టాడు. జుమానా ఆయన భుజం మీదుగా చూసి పైకి చదివింది. "లోతైన పరిశీలన తర్వాత లోపం విద్యుత్ సరఫరాలో ఉందని కనుగొన్నాను. సహకరించిన మిత్రులందరికీ..."

చదవడం ఆపింది. "ఎవరు కనుగొన్నారు నాన్నా?"

ఆయన రాసింది చెరిపేశాడు. మళ్లీ ఏదో రాయబోయాడు.

"పోలండ్‌కి తర్వాత చెప్పొచ్చు. ముందు వంటింటికి చెప్పు" అంది మా అమ్మాయి.

మా ఆయన ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టాడు. నా వైపు కాదు, ఆ ఆకుపచ్చ చుక్క వైపు చూస్తూ అన్నాడు.

"తప్పు నాదే, సమీహా. నువ్వు మొదటిరోజే చెప్పావు. చుక్కలు తుడిచిందీ నేనే."