పటాల భవనంలో చొరబాటుదారు

ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. తెల్లవారుజామున మొదలైన చినుకు అప్పుడే ఆగింది. గాలి లేదు. ఆకాశం సగం తుడిచి వదిలేసిన పలకలా ఉంది. ఆ సమయానికి పటాల భాండాగారం ఇన్‌ఛార్జి డైరెక్టరు తన గది ముందు నిలబడి, అలవాటు ప్రకారం తలుపు మీది బోర్డును చూసుకుని, అలవాటు ప్రకారమే బాధపడ్డారు.

బాధకు కారణం ఆ బోర్డు మీది 'ఇన్‌ఛార్జి' అనే మాట. పాత డైరెక్టరు వెళ్లిపోయినప్పుడు, కొత్తవారు వచ్చేదాకా చూసుకోమని ఈయనను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్తవారు రాలేదు, ఈయన లేవలేదు. అలా నాలుగేళ్లు గడిచాయి. సిబ్బంది ఆయనను ఎదురుగా 'సార్' అనీ, బీరువాల చాటున 'తాత్కాలికం' అనీ పిలిచేవారు. ఆ రోజు పదకొండు గంటలకు ఒక కమిటీ వచ్చి, సంస్థను చూసి, ఆయనను శాశ్వతం చేయాలో వద్దో తేల్చబోతోంది. అందుకు ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కమిటీకి చూపవలసిన స్లైడ్లను ఒకసారి తెరిచి చూసుకోవాలి, ఆపైన దేన్నీ ముట్టుకోకుండా కూర్చోవాలి. రెండో పనిలో ఆయనకు మంచి అనుభవమే ఉంది. మొదటిదాని దగ్గరే వ్యవహారం అడ్డం తిరిగింది.

కంప్యూటరు కదలలేదు. దాని లోపలి ఫ్యాను మాత్రం పిండిమరలా రొద పెడుతోంది. మూడు మీటలు కలిపి నొక్కితే లోపల ఏమేమి నడుస్తున్నాయో కనిపిస్తుందని ఆయన ఎక్కడో విన్నారు. నొక్కారు. వరుసలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ఎక్కువ మేస్తూ ఒక పేరు కనిపించింది: కె.వి.పి.టి., దాని వెనుక రెండు సున్నాలు.

ఇక్కడ ఆయన బుద్ధి పనిచేసే తీరును కొంచెం వివరించక తప్పదు, ఎందుకంటే ఆనాటి అనర్థమంతా దానినుంచే పుట్టింది. పటాల మధ్య ముప్పై ఏళ్లు గడిపిన మనిషికి ఏదైనా కనబడితే 'ఇది ఎక్కడిది?' అనే ప్రశ్న ముందు తట్టాలి. ఈయనకు ఏనాడూ తట్టలేదు. పటం చేతికి వస్తే పైన రాసిన శీర్షిక చదివేవారు. శీర్షిక అర్థమైతే పటం మంచిది, అర్థం కాకపోతే అనుమానించదగినది. శీర్షిక కింద కొండలూ వాగులూ ఊళ్లూ దారులూ ఉంటాయన్న సంగతిని ఆయన ఇతరుల మాట మీద నమ్మేవారు. ఇప్పుడు ఆ కొలబద్దనే కంప్యూటరుకు పెట్టి, అర్థం కాని పేరు గలది శత్రువేనని తీర్మానించి, అకౌంటెంటును పిలిచారు.

అకౌంటెంటు తెర ముందు వంగి, కళ్లజోడు పైకి తోసి చూశాడు.

"ఎవరు సార్ వీడు? మనవాడేనా?"

"అదే కదా మిమ్మల్ని అడుగుతున్నది!"

"పేరు చివర సున్నాలున్నాయి సార్. మంచివాడెవడైనా పేరు చివర సున్నాలు తగిలించుకుంటాడా? మా తోడల్లుడి ఆఫీసులో అచ్చం ఇలాగే మొదలైంది. ముందు ఫ్యాను మోగింది. తర్వాత ఫైళ్లు పోయాయి. ఆఖరికి మా తోడల్లుడు కూడా పోయాడు."

"అయ్యో! పోయాడా?"

"వేరే ఆఫీసుకి, సార్." ఆ తరువాత అతను గొంతు తగ్గించి, "మీ మరదలుగారు కంప్యూటర్లలోనే కదా ఉన్నారు? ఒక్క ఫోన్ కొడితే..." అన్నాడు.

"అక్కర్లేదు."

మరదలు ఈ రంగంలో ఆరితేరిన మనిషే. ఆ మాటకొస్తే ఆమె ఆరితేరని రంగం లేదన్నట్టు మాట్లాడుతుంది కూడా. కిందటి నెల మామగారి ఎదుట, అందరూ భోజనాలు చేస్తుండగా, "బావగారి కంప్యూటరు ఎప్పుడూ కొత్తదే. వాడితే కదా అరిగేది!" అని నవ్వింది. మామగారు కూడా నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆయన చెవుల్లో ఉంది. ఆమెను అడగడం కన్నా శత్రువు చేతిలో నశించడం మేలని ఆయన నిశ్చయించుకున్నారు. ఆ కోరిక నెరవేరడానికి ఎంతో సేపు పట్టలేదు.

ఇంతలో ఈ మాటలు విని తన కంప్యూటరు చూసుకున్న స్కానింగు విభాగం ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "సార్, నా దాంట్లో కూడా ఉంది! లైబ్రరీ కౌంటర్లో కూడా ఉంది! అన్నిట్లోనూ ఉంది!"

"చూశారా, అంటుకుంది!" అన్నాడు అకౌంటెంటు.

ఒక భవనంలోని ప్రతి గదిలోనూ ఒకే రకం గడియారం వేలాడుతుంటే, దాన్ని యాజమాన్యం కొని పెట్టించిందని ఎవరైనా గ్రహిస్తారు. అక్కడున్న ముగ్గురూ పట్టభద్రులు. ముగ్గురికీ అది అంటువ్యాధిలాగే కనిపించింది.

ఆయన ఆ పేరును ఇంటర్నెట్టులో వెతికారు. మొదట ఎదురైన వెబ్‌సైటు ఎర్రటి అక్షరాలతో 'ఇది ప్రమాదకరం కావచ్చు, కాకపోనూ వచ్చు' అని హెచ్చరించింది. కాకపోనూ వచ్చన్న భాగం చిన్న అక్షరాల్లో ఉండడం వల్ల ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అకౌంటెంటుకు కుతూహలం పుట్టి, "మన కాలిక్యులేటర్ పేరు కొట్టండి సార్, ఏమంటుందో చూద్దాం," అన్నాడు. కొట్టారు. కాలిక్యులేటరు కూడా ప్రమాదకరం కావచ్చునట, కాకపోనూ వచ్చునట. గడియారం కూడా అంతే. ఆఖరికి స్కానింగు ఆవిడ సరదాకు తన పెంపుడు పిల్లి పేరు కొట్టింది. పిల్లి మరీ ప్రమాదకరమని తేలింది.

ఎవరి గురించి అడిగినా దొంగేననే సాక్షి మాటకు విలువ లేదని తెలియడానికి తర్కశాస్త్రం చదవనక్కరలేదు. ఆయన మాత్రం గంభీరంగా తలపంకించి, "అంటే కాలిక్యులేటర్ కూడా వాళ్ల మనిషేనన్నమాట," అన్నారు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా సార్!" అన్నాడు అకౌంటెంటు. ఈ మాట ఎంత నిజమో అతనికి అప్పటికి తెలియదు.

యుద్ధం మొదలైంది. ఆయన కె.వి.పి.టి. మీద వేలు పెట్టి ఆపేశారు. రెప్పపాటులో అది మళ్లీ లేచింది. మళ్లీ ఆపారు, మళ్లీ లేచింది. చచ్చినా చావనిది మామూలు శత్రువు కాదు కనుక, ఆ వెబ్‌సైటులోనే ఉచితంగా ఇస్తున్న శుభ్రపరిచే సాధనాన్ని దించుకున్నారు. తెర మీద ఒక చీపురు ప్రత్యక్షమై, నడుం ఊపుతూ నాట్యం చేస్తూ, ఆ యంత్రంలో వేల కొద్దీ శత్రువులున్నారని ప్రకటించి, అందరినీ ఊడ్చెయ్యనా అని అడిగింది. ఆయన 'సరే' నొక్కారు. చీపురు ఊడ్చింది. కాలిక్యులేటరు పోయింది, గడియారం పోయింది, ప్రింటరుతో ఉన్న సంబంధం తెగిపోయింది, కమిటీకి చూపవలసిన స్లైడ్లు కూడా చెత్తతో కలిసి వెళ్లిపోయాయి. కె.వి.పి.టి. మాత్రం చెక్కుచెదరకుండా పై వరుసలో కూర్చుంది.

"తీగలు పీకండి!" అని ఆయన అరిచారు. "అన్నీ పీకెయ్యండి!"

అకౌంటెంటు ఆజ్ఞను అక్షరాలా పాటించాడు. కంప్యూటర్ల తీగలతో పాటు పెద్ద స్కానరు తీగ కూడా పీకాడు. అప్పుడు దాని నోట్లో పాత రేవు పట్టణం పటం ఒకటి ఉంది. సముద్రం బయట మిగిలింది, ఊరు లోపల చిక్కుకుంది. స్కానింగు ఆవిడ ఆ అంచు పట్టుకుని, "గట్టిగా లాగితే చిరుగుతుంది, వదిలేస్తే నలుగుతుంది, నేనిక్కణ్ణించి కదల్ను," అని అక్కడే నిలబడిపోయింది.

ఆయన ఇంటికి ఫోన్ చేశారు. "ఇదిగో, నా దగ్గర్నుంచి ఏం వచ్చినా తెరవకు."

"మీ దగ్గర్నుంచి ఏం వస్తాయండీ?" అంది భార్య. "పెళ్లయి ఇన్నేళ్లయింది, ఒక్క ముక్క రాశారా? ఇంతకీ ఏమైంది? చెల్లిని అడగనా?"

"వద్దు!"

ఆ ఇంట్లో ఆయన వద్దన్న పని ఆలస్యం లేకుండా జరిగిపోతుంది. ఐదు నిమిషాల్లో మరదలు ఫోన్ చేసింది. కట్ చేశారు. మళ్లీ చేసింది, మళ్లీ కట్ చేశారు. దాంతో ఆమె అకౌంటెంటుకు చేసి, జరిగినదంతా రాబట్టింది.

స్లైడ్లు లేవు, గంట పదకొండు కావస్తోంది. మరొకరైతే ఈ సమయంలో నిజం చెప్పి క్షమాపణ కోరేవారు. ఈయనకు అంతకన్నా గొప్ప ఆలోచన తట్టింది. సంస్థ మీద దాడి జరిగింది, తాను ఒంటిచేత్తో ఎదిరించారు. కమిటీ కళ్లారా చూడదగిన దృశ్యం ఇంతకన్నా ఏముంటుంది? వెంటనే తన కంప్యూటరును సమావేశపు హాల్లోకి మోయించి, గోడ మీది పెద్ద తెరకు తగిలించమన్నారు. పరువు పోగొట్టుకోవడానికి చిన్న తెర చాలదని ఎందుకనుకున్నారో ఆయనకే తెలియాలి.

ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు గొడుగును మూలన ఆనించి, దారిలో చూసిన దృశ్యం గురించి అడిగింది. "బయట ఒకావిడ సగం సముద్రం పట్టుకుని నిలబడింది. ఎందుకు?"

"అది యుద్ధంలో భాగం మేడమ్," అన్నారు ఆయన. ఆపైన తెర మీద కె.వి.పి.టి.ని చూపించి, గొంతు సవరించుకుని, అరగంట పాటు తన పరాక్రమం వర్ణించారు. పక్కన చీపురు నాట్యం చేస్తూనే ఉంది. చివరకు బల్ల మీద చరిచి, "మేడమ్, దీన్ని మన సంస్థలో పెట్టినవాడు శత్రువైనా అయ్యుండాలి, మూర్ఖుడైనా అయ్యుండాలి. మూడోదానికి అవకాశం లేదు," అన్నారు.

"ఇది చెడ్డదని ఎలా తేల్చారు?" అని అడిగింది అధ్యక్షురాలు.

పేరు బాగా లేదని చెప్పడం అప్పుడు ఆయనకే ఎందుకో చిన్నతనంగా అనిపించింది.

"సార్," అన్నాడు వెనుకనుంచి అకౌంటెంటు, ఆపద్బాంధవుడిలా ఫోన్ ఎత్తి చూపుతూ. "మీ మరదలుగారు లైన్లోనే ఉన్నారు. నిపుణురాలు కదా, ఆవిడే చెబుతారు. స్పీకర్ పెట్టేశాను."

"బావగారూ, నమస్కారం," అంది ఫోన్. "పేరు సంగతి వదిలెయ్యండి. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. ముందు అది ఏ ఊరిదో చూద్దాం. దాని మీద కుడి బటన్ నొక్కితే ఫైలు ఎక్కడుందో చూపిస్తుంది. జీవితమంతా పటాల్లోనే ఉన్నారు కదా, ఇది ఎక్కడిదని ఒక్కసారి కూడా చూడలేదా?"

కమిటీ చూస్తోంది కనుక నొక్కక తప్పలేదు. గోడంత తెర మీద ఒక ఫోల్డరు తెరుచుకుంది. దాని పేరు భాండాగారం పేరే. లోపల ఇంకో ఫోల్డరు ఉంది: 'సిబ్బంది పర్యవేక్షణ'.

"ఆ ఫైలు మీద సంతకం ఎవరిదుంది?" అని అడిగింది మరదలు.

"ఏదో కంపెనీ పేరుంది," అన్నారు ఆయన.

"ఏదో కంపెనీ ఏంటి బావగారూ, మీరు పిలిపించిన కంపెనీయే కదా! రెండేళ్ల కిందట మీరే కదా పెట్టించారు? ఆఫీసులో ఎవరెవరు పని చెయ్యకుండా కూర్చుంటున్నారో ఇకమీద దొరికిపోతారని మా ఇంట్లో సోఫాలో కూర్చుని గంటసేపు చెప్పారు. పనికి సంబంధం లేనిది ఏది తెరిచినా ఇది ఫొటో తీసి దాచుకుంటుంది. ఎవరూ ఆపెయ్యకుండా దానంతటదే లేచేలా పెట్టమన్నది కూడా మీరే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే!"

కంప్యూటరు ఫ్యాను మోగుతూనే ఉంది.

"ఇంకో మాట బావగారూ. ఆ చీపురు ఎక్కడిది? అకౌంటెంటుగారు చెప్పారు. అసలు దొంగ అదే. దానికి మీరే తలుపు తీసి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు."

"అన్ని కంప్యూటర్లలోనూ ఉన్న ప్రోగ్రామే అయితే, ఈ ఒక్కదాన్నే ఎందుకింత నెమ్మది చేసింది?" అని అడిగింది అధ్యక్షురాలు. అది నిజంగా తెలివైన ప్రశ్న. అందుకే అది ఆయనను ముంచింది.

"పని జరిగే చోట దానికి పెద్దగా పని ఉండదండీ," అంది మరదలు. ఎదుట ఎవరున్నారో ఆమెకు తెలియదు. "పని జరగని చోటే దానికి చేతినిండా పని. ఫొటోలు తీస్తూనే ఉండాలి కదా. రెండుసార్లు నొక్కండి, తీసినవన్నీ కనిపిస్తాయి."

"తెరవండి," అంది అధ్యక్షురాలు.

తెరుచుకున్నాయి. ఒక్కొక్కటే గోడ మీద నిదానంగా జారుతూ వచ్చాయి. అన్నీ తలుపు బోర్డుల నమూనాలే. బంగారు అక్షరాల బోర్డు, నీలం అక్షరాల బోర్డు, చుట్టూ తీగలల్లిన బోర్డు, పైన చిన్న భూగోళం ఉన్న బోర్డు. నెలల తరబడి, ప్రతి పనిదినంలోనూ, ఉదయం నుంచి సాయంత్రం దాకా. అన్నిటి మీదా ఆయన పేరు, దాని కింద 'డైరెక్టర్'. 'ఇన్‌ఛార్జి' అనే మాట ఒక్కదాని మీద కూడా లేదు.

అధ్యక్షురాలు వాటిని తొందర లేకుండా చూసి, మూలన ఉన్న గొడుగు చేతికి తీసుకుంది. "మూడోదానికి అవకాశం లేదన్నారు కదా. మీరు శత్రువు కారని మా ముగ్గురికీ గట్టి నమ్మకం," అని చెప్పి వెళ్లిపోయింది.

రేవు పట్టణాన్ని సాయంత్రానికి చిరగకుండా బయటికి తీశారు. చీపురును తీయించడానికి ఆదివారం మరదలే రావలసి వచ్చింది. ఆవిడ పని చేసినంతసేపూ మామగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆరేళ్ల తరువాత ఆయన ఇన్‌ఛార్జి డైరెక్టరుగానే పదవీ విరమణ చేశారు. ఆపైన ఆ గది మూడు నెలలు ఖాళీగా ఉంది. ఆ మూడు నెలల పర్యవేక్షణ నివేదికలలో ఆ గదిలో జరిగిన పని ఎప్పటంతే ఉన్నట్టు నమోదైంది.