ఆయిల్ మార్చిన షావుకారు

ఆ ఆదివారం తొమ్మిదింటికి కారులో బయలుదేరి, పక్క ఊళ్లో ఉన్న పాత స్నేహితుణ్ణి చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలన్నది షావుకారు ప్లాను. ధాన్యం కొట్టు మూసేసి ఆరేళ్లయినా వీధిలో ఆయన్ని అందరూ షావుకారనే పిలుస్తారు. కొట్టు పోయాక ఆయన మాట వినేది ఆ కారొక్కటే. డెబ్బై ఒకటో ఏట దాని తాళానికీ ముప్పు వచ్చింది. ఆ నెలలో ఒకసారి పొయ్యి మీద పాలు మరిచాడు, ఇంకోసారి కుళాయి కట్టేయడం మరిచాడు. మూడోది ఏది మరిచినా కారు తాళం తన చేతికి రావాలని కూతురు తీర్పు చెప్పింది. భార్య ఆ తీర్పుకు సాక్షి.

ఎనిమిదిన్నరకు కారు అద్దం దించడానికి కూతురు తాళం తిప్పింది. స్టీరింగ్ వెనక నారింజ రంగు అక్షరాలు వెలిగాయి. ఆయిల్ మార్చండి.

"నాన్నా! ఆయిల్ మార్చడం మర్చిపోయావా?"

"నిన్ననే మార్చానే! కారు ఇంకా ఆ చెక్కల మీదే ఉంది చూడు."

"చెక్కల మీదికి ఎక్కించి మర్చిపోయావేమో. పాత ఆయిల్ ఏది?"

"మెకానిక్ షెడ్డుకి పంపేశా."

"కొత్త డబ్బా?"

"అందులోనే పోసి పంపా. మంచి డబ్బా ఊరికే పారేస్తామా?"

అలా సాక్ష్యం మొత్తం ఒకే డబ్బాలో ఇల్లు దాటిపోయింది. ఆయన కారు పుస్తకం తెచ్చి, కళ్లజోడు పైకీ కిందికీ జరిపి చదివాడు. ఆయిల్ మారిస్తే చాలదట. మార్చిన సంగతి కారుకు విడిగా విన్నవించుకోవాలట. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి, ఐదు సెకన్ల లోపల యాక్సిలరేటర్ మూడుసార్లు పూర్తిగా తొక్కాలి. ఆయన మోకాలికి అంత వేగం లేదు.

"నువ్వు తొక్కమ్మా. వాచీ చూస్తూ నేను లెక్కపెడతా."

కూతురు సీట్లో కూర్చుంది. షావుకారు గొంతు సవరించుకున్నాడు.

"లాభం..."

మొదలుపెట్టబోతున్నాడనుకుని కూతురు కాలు సిద్ధం చేసుకుంది.

"రెండు... మూడు!"

ఆమె రెండు అన్నప్పుడొకసారి, మూడు అన్నప్పుడొకసారి తొక్కింది. లైటు ఆరలేదు. మళ్లీ చేశారు. మళ్లీ రెండుసార్లే పడింది. ఈసారి మరీ గట్టిగా చేద్దామని ఆయన కొట్టులో అరిచినట్టే అరిచాడు. ఎదురింటావిడ కిటికీ తెరిచింది కానీ లైటు మాత్రం కదల్లేదు.

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎందుకండీ దాంతో వాదన? మర్చిపోయానని ఒప్పుకోండి. ఏం పోతుంది?"

"తాళం పోతుంది!" అంటూ ఆయన బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూపించాడు. "చూడు, తేనెలా ఉంది."

"బస్తా పైగింజ చూసి సరుకు కొనొద్దని జీవితమంతా చెప్పింది ఎవరండీ? అడుగు సరుకు చూపించాలి."

నలభై నాలుగేళ్ల వ్యాపారంలో పైగింజ చూసి ఆయన ఒక్క బస్తా కూడా కొనలేదు. పుల్ల మర్యాదగా వెనక్కి పెట్టి, స్పానరూ ఒక టీ గ్లాసూ పట్టుకుని వెల్లకిలా కారు కిందికి జారాడు. అడుగున ఉన్న బిరడా కాస్త వదులు చేసి, ఒక్క గ్లాసు పట్టి, మళ్లీ బిగించేయాలన్నది ఆయన లెక్క.

కూతురు సీట్లోనే కూర్చుంది. ఇందాకటి అరుపు చెవుల్లో ఇంకా తిరుగుతోంది. ఆ గొంతు విని ఎన్నేళ్లయింది! బడి సెలవుల్లో తను బస్తాల మీద ఎక్కి కూర్చునేది. గోనె వాసన, రేకుల సందుల్లోంచి పడే ఎండలో ఎగిరే ధూళి, కాటా మీదికి ఒక్కొక్క బస్తా ఎక్కుతుంటే నాన్న పాటలా సాగదీసే లెక్క. మొదటి బస్తాను ఆ కొట్టులో ఏనాడూ ఒకటి అనలేదు, లాభం అనేవారు. ఒకటో తరగతిలో తనూ అలాగే లెక్కపెడితే క్లాసంతా నవ్వింది. ఏడుస్తూ ఇంటికొస్తే నాన్న ఒళ్లో కూర్చోబెట్టుకుని, "పాపం, మీ టీచరమ్మకు వ్యాపారం తెలీదమ్మా" అన్నాడు. మర్నాటి నుంచి తను అందరిలాగే లెక్కపెట్టింది. ఆ తర్వాత ఆ మాటే మరిచిపోయింది.

ఆమె తాళం వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పింది.

"లాభం, రెండు, మూడు."

మూడుసార్లు తొక్కింది. నారింజ అక్షరాలు ఆరిపోయాయి. ఆయిల్ పరిస్థితి: నూటికి నూరు శాతం అని పచ్చగా వెలిగింది.

"నాన్నా, ఆరిపోయింది! నీ లెక్కే కరెక్టు, తప్పంతా నాది. మొదటిదాన్ని వదిలేస్తూ వచ్చా!"

ఆమె దిగి వంగింది. "ఇదిగో తాళం. ఇక నిన్ను ఎవరూ అడగరు."

ఒక చెయ్యి బయటికొచ్చి తాళం అందుకుంది. రెండో చేతి వేలు బిరడా ఊడిన కన్నంలో ఉంది. వేలి చుట్టూ నుంచి కొత్త ఆయిల్, నిజంగానే తేనె రంగులో, గ్లాసు నింపి, చొక్కా తడిపి, వాకిలి వైపు సాగుతోంది.

భార్య కూడా వంగి చూసింది.

"మార్చారండీ," అంది. "ఒప్పుకుంటున్నా."

తొమ్మిదింపావుకు షావుకారు చొక్కా మార్చుకుని, గెలిచిన తాళం జేబులో వేసుకుని, బస్టాపులో నిలబడ్డాడు.